కాఫీలో పనస వాసన ఎక్కడిది?

చిన్న రోస్టర్ల (కాఫీ గింజలు వేయించి అమ్మేవాళ్ల) దగ్గర దొరికే అరకు కాఫీ ప్యాకెట్ మీద ఒక్కోసారి 'పనస తొనలు, నల్ల ద్రాక్ష, బెల్లం' అని రాసి ఉంటుంది. అది చూసి చాలామందికి వచ్చే అనుమానం ఒక్కటే: ఎసెన్స్ ఏమైనా కలిపారా? మంచి రోస్టర్ ఏమీ కలపడు. ప్యాకెట్‌లో ఉండేవి వేయించిన గింజలే. ఆ వాసనలు ఎలా పుడతాయో తెలుసుకున్నాక అదే కప్పులో నాకు ఇంకా ఎక్కువ రుచులు దొరుకుతున్నాయి.

ఎప్పుడూ పొడిగానే చూస్తాం కాబట్టి కాఫీ గింజ ఒక పండులోని విత్తనమని మనకు గుర్తే రాదు. అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగల మధ్య అరబికా రకం కాఫీ పండిస్తారు. 2019లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొండ చల్లదనానికి పండు నిదానంగా ముదురుతుంది. బాగా పండిన పండును చిదిమితే ఎర్రటి తోలు కింద కాస్త తియ్యటి గుజ్జు, వేళ్లకు అంటుకునే జిగురు కనిపిస్తాయి. జిగురు లోపల గట్టి పెంకు, దాని కింద వెండి రంగు పలచటి పొట్టు, ఆ లోపల చదును వైపులు ఆనించుకుని రెండు పచ్చటి గింజలు.

ఎక్కువగా చేసే పద్ధతిలో తోలు తీసేసి, జిగురు వదిలేదాకా తొట్టెల్లో పులియబెట్టి, కడిగి ఆరబెడతారు. ఆ కాఫీ తేటగా, నిమ్మ పులుపుతో ఉంటుంది. పనస, ద్రాక్ష వాసనలు ఎక్కువగా వచ్చేది 'నేచురల్' పద్ధతిలో. ఇందులో పండును పండుగానే వల పరిచిన బల్లల మీద వారాల తరబడి ఎండబెడతారు. గింజలో తేమ 11 శాతం దగ్గరికి వచ్చేదాకా రోజూ పలుమార్లు తిరగేయాలి. ఏమరుపాటుగా ఉంటే బూజు పడుతుంది, పంటంతా పోతుంది. ఈలోగా తోలు మీదా గుజ్జులోనూ చేరిన ఈస్ట్, లాక్టిక్ బ్యాక్టీరియా చక్కెరలను తినేస్తుంటాయి. దోసెల పిండి పులిసేదీ ఇలాంటి సూక్ష్మజీవుల వల్లే. ఈస్ట్ తయారుచేసే పదార్థాల్లో పండ్ల వాసననిచ్చే ఎస్టర్లు ముఖ్యమైనవి. అరటిపండుకు ఆ ప్రత్యేకమైన వాసన ఇచ్చే ఐసోఅమైల్ అసిటేట్ ఒక ఎస్టరే. పనస ఘుమఘుమలోనూ పెద్ద పాత్ర ఎస్టర్లదే.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునే సంగతి ఇంకోటి ఉంది. ఎండుతున్నంతసేపూ లోపలి విత్తనం బతికే ఉంటుంది. మొలకెత్తడానికి సిద్ధమవుతూనే, నీళ్లు తగ్గిపోవడాన్ని తట్టుకునే ప్రయత్నమూ చేస్తుంది. దాంతో గింజలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు మారిపోతాయి. కాబట్టి కాఫీ రుచి బయట గుజ్జు పులియడం నుంచే కాదు, విత్తనం పడిన పాటు నుంచి కూడా వస్తుంది.

ఈమధ్య గాలి చొరబడని డ్రమ్ముల్లో పండ్లను పులియబెట్టే 'అనెరోబిక్' పద్ధతి బాగా నడుస్తోంది. కొన్ని అద్భుతంగా ఉంటాయి. కొన్నింట్లో మాత్రం వెనిగర్ ఘాటు తప్ప ఏమీ మిగలదు. అలాంటివి నాకు నచ్చవు. ఏ కొండ మీద కాసిన గింజైనా చివరికి ఒకేలా అనిపిస్తే ఆ రైతు కష్టానికి అర్థమేముంది?

ఇక వేయించడం. పచ్చి గింజకు గడ్డి వాసన తప్ప కాఫీ వాసన ఉండదు. వేడికి అది పసుపు రంగుకు, ఆపైన గోధుమ రంగుకు తిరుగుతుంది. అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి జరిపే మెయిలార్డ్ చర్యలో వందల కొద్దీ కొత్త వాసనలు పుడతాయి. గింజ వేడి 200 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి లోపలి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడికి గింజలు చిటపటమని పగులుతాయి. ఆ చప్పుడు తర్వాత ఒక్కో నిమిషమూ లెక్కే. తొందరగా దించితే పండు పులుపు నిలుస్తుంది. మరీ నల్లగా వేయిస్తే ఆ వాసనలు పోతాయి, క్లోరోజెనిక్ ఆమ్లాలు విరిగి ఫినైలిండేన్లనే గట్టి చేదు పదార్థాలుగా మారతాయి. చిన్న రోస్టర్ కొద్దికొద్దిగా వేయిస్తాడు కాబట్టి ఏ తోట గింజకు తగ్గట్టు ఆ గింజను దించే వీలుంటుంది.

తాగేటప్పుడు అసలు పని ముక్కుదే. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, చేదు లాంటి కొన్ని రుచులే. ముక్కు మూసుకుని ఒక గుక్క తాగి, తర్వాత వదిలి చూడండి. గొంతు వెనక నుంచి గాలి ముక్కులోకి వెళ్లగానే పండు వాసన ఒక్కసారిగా తెలుస్తుంది. మరీ వేడిగా తాగితే పులుపూ తీపీ విడివిడిగా తెలియవు, కాస్త చల్లారనివ్వాలి. పాలు ఇలాంటి కాఫీకి నప్పవు. పాలలోని ప్రోటీన్లు కాఫీలో వగరునిచ్చే పాలీఫినాల్స్‌ను పట్టుకుని ఆ వగరును తగ్గిస్తాయి. కొవ్వు కొన్ని వాసనలను తనలో ఉంచేసుకుంటుంది. చికోరీ కలిపిన చిక్కటి డికాక్షన్‌కు పాలు అందుకే అంత బాగా కుదురుతాయి, నేచురల్ కాఫీకి అందుకే చేటు చేస్తాయి.

కొనేటప్పుడు ఒకే తోటలో కడిగి ఆరబెట్టిన గింజలు, నేచురల్ గింజలు రెండూ కొద్దికొద్దిగా అడగండి. వేయించిన తేదీ చూసుకోండి. మరీ తాజా గింజల్లో గ్యాస్ ఎక్కువుండి, నీళ్లు పోయగానే నురగలా పొంగి, సారం సరిగా దిగదు. అందుకే కొన్ని రోజులు ఆగితే మంచిది. రెండింటికీ ఒకే కొలత, 15 గ్రాముల పొడికి 240 మిల్లీలీటర్ల నీళ్లు, మరిగిన తర్వాత అర నిమిషం ఆగినవి. చెట్టూ మట్టీ ఒకటే కాబట్టి రెండు కప్పుల మధ్య మీకు దొరికే తేడాలో ఎక్కువ భాగం పండు ఎండిన తీరుదే.