గుండె ఆపరేషన్ తర్వాత డయాలిసిస్: 1945 నుంచి నేటి ఐసీయూ దాకా

గుండె బైపాస్ ఆపరేషన్ అయిన మర్నాడు ఐసీయూ నర్సు మంచం పక్కన వేలాడే మూత్రం సంచిని గంటగంటకూ చూసి కొలత రాసుకుంటుంది. 60 కిలోల మనిషికి ఆరు గంటలపాటు గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ వస్తుంటే కిడ్నీలు దెబ్బతింటున్నట్టేనని 2012 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

డయాలిసిస్ ప్రాణం నిలబెట్టిన తొలి రోగి వృద్ధురాలే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నెదర్లాండ్స్‌లోని కాంపెన్ పట్టణంలో విలెమ్ కోల్ఫ్ అనే వైద్యుడు, సాసేజ్‌ల తొడుగుగా వాడే సెలోఫేన్ గొట్టాన్ని చెక్క డ్రమ్ముకు చుట్టి, దాన్ని ఉప్పు ద్రావణం నిండిన తొట్టిలో తిప్పుతూ రక్తాన్ని శుద్ధి చేశాడు. తొలి రోగుల్లో దాదాపు అందరూ చనిపోయినా, 1945లో 67 ఏళ్ల మహిళ బతికింది; ఆమె కిడ్నీలు తిరిగి పనిచేశాయి. డయాలిసిస్ మాట వినగానే ఇక జీవితాంతం తప్పదని కుంగిపోయే కుటుంబాలకు వైద్యులు ముందుగా చెప్పవలసిన సంగతి ఇదేనని నా అభిప్రాయం. దెబ్బతిన్న కిడ్నీలు కోలుకునేదాకా ఆసరాగా నిలవడానికే ఆ యంత్రం పుట్టింది.

తన యంత్రంలోంచి వచ్చే రక్తం ఆక్సిజన్ అందుకుని ఎర్రబడుతోందని కూడా కోల్ఫ్ గమనించాడు. పలుచని పొర గుండా రక్తానికి ఆక్సిజన్ అందించే పరికరాల ఆలోచనకు అది ఊతమిచ్చింది. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ అనే వైద్యుడు, ఆపరేషన్ సాగుతున్నంతసేపు గుండె, ఊపిరితిత్తుల పని తానే చేసే గుండె-ఊపిరితిత్తుల యంత్రం సాయంతో 18 ఏళ్ల యువతికి ఆపరేషన్ చేసి విజయం సాధించాడు. తర్వాతి దశాబ్దాల్లో ఆ బల్ల మీదికి డెబ్బై, ఎనభై ఏళ్ల వారు కూడా చేరారు, చిక్కు అక్కడే పెరిగింది. యంత్రం మీద ఉన్నంతసేపు కిడ్నీలకు రక్తం సరిగా అందకపోవచ్చు, చితికిన ఎర్ర కణాల నుంచి వెలువడే హీమోగ్లోబిన్ వాటికి హాని చేస్తుంది. పైగా కండ కరిగిన ముసలివారిలో కిడ్నీల శక్తి సగానికి పడిపోయినా, కండరాల్లో తయారై కిడ్నీల ద్వారా బయటికి పోయే వ్యర్థమైన క్రియాటినిన్ రక్తంలో మామూలుగానే కనిపించవచ్చు కాబట్టి, ఆపరేషన్‌కు ముందు రిపోర్టులో ఆ ఒక్క అంకె చూసి ధైర్యపడటం సరికాదు.

కిడ్నీలను కాపాడుతుందనే నమ్మకంతో ఏళ్ల తరబడి తక్కువ మోతాదులో ఇచ్చిన డోపమిన్ అనే మందు వల్ల ప్రయోజనం లేదని 2000లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల అధ్యయనం తేల్చింది. 1977లో జర్మనీలో పీటర్ క్రామర్ మొదలుపెట్టిన, రక్తంలోని నీటిని నెమ్మదిగా, నిరంతరాయంగా వడకట్టే పద్ధతి మాత్రం, బీపీ నిలవని గుండె రోగులకు నిజంగా ఉపయోగపడింది.

డయాలిసిస్ ఎప్పుడు మొదలుపెట్టాలన్న వాదం ఇంకా ఎక్కువ కాలం నడిచింది. ఐసీయూలలో సుమారు 3,000 మందిపై జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, తొందరపడి మొదలుపెట్టినందువల్ల మరణాలు తగ్గలేదు; పైగా బతికినవారిలో 90 రోజుల తర్వాత కూడా డయాలిసిస్ మీదే ఉన్నవారు తొందరపడిన వర్గంలో 10.4 శాతం, వేచి చూసిన వర్గంలో 6 శాతం. పొటాషియం ప్రమాదకరంగా పెరిగినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరి మందులకు తగ్గకపోయినా ఆలస్యం చేయకూడదు. అవేవీ లేనప్పుడు మూత్రం సంచిని చూస్తూ ఒకటి రెండు రోజులు ఆగడం నిర్లక్ష్యం కాదని, రోగి పిల్లలకు ఆ గది బయటే విడమరిచి చెప్పాలి.