బడి భోజనంలో 450 క్యాలరీల వెనక కథ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ సర్కారు బడిలోనైనా మధ్యాహ్న భోజనానికి లెక్క ఒక్కటే. ఐదో తరగతి వరకు పూటకు 450 క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. ఆరు నుంచి ఎనిమిది వరకైతే 700 క్యాలరీలు, 20 గ్రాములు. వంట చేసేవాళ్లకు ఇది తూకంగా అందుతుంది: చిన్నపిల్లలకు తలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. కూడి చూడండి. బియ్యంతోనే 350 దాకా వస్తాయి. పప్పుతో 70, నూనెతో 45. ముప్పాతిక లెక్క అన్నంతోనే తీరిపోతోంది. నన్ను కలవరపెట్టేది ఇదే.

అసలు క్యాలరీ అనే ఈ కొలత తిండి కోసం పుట్టలేదు. 1820ల్లో పారిస్‌లో నికొలా క్లెమాన్ అనే రసాయన శాస్త్రవేత్త ఆవిరి యంత్రాల పాఠాల్లో దీన్ని వాడాడు. కిలో నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి పట్టే వేడి ఒక క్యాలరీ. తర్వాత కొందరు గ్రాము నీటితో లెక్కగట్టారు, దాంతో ఒకే పేరుకి రెండు కొలతలయ్యాయి. తిండి దగ్గర మనం క్యాలరీ అనేది పెద్దదాన్నే. బిస్కెట్ ప్యాకెట్ మీద కిలోక్యాలరీ అని ఉండేదీ అదే. 1948లో వేడికి జౌల్‌ను ప్రమాణంగా ఒప్పుకున్నా, క్యాలరీ మాత్రం వంటింటిని వదల్లేదు.

1890ల్లో అమెరికాలో విల్బర్ ఆట్‌వాటర్ మనుషులను గదిలాంటి పెట్టెలో రోజుల తరబడి ఉంచి, వాళ్లు తిన్న తిండినీ ఒంట్లోంచి వచ్చిన వేడినీ కొలిచాడు. గ్రాము పిండిపదార్థానికి 4, ప్రొటీన్‌కు 4, కొవ్వుకు 9 అనే లెక్క ఆయన పనిలోంచి వచ్చిందే. పలాస జీడిపప్పు వంద గ్రాములకు 550 దాటేది కొవ్వు వల్లే. జీడి పిక్కల తొక్కను బాయిలర్ల కింద మంటకు వాడతారు. ఆ తొక్కనీ లోపలి పప్పునీ ఒకే క్యాలరీతో కొలవొచ్చు. మంటకు వేడి ఒక్కటే చాలు, పెరిగే పిల్లలకు చాలదు.

విజయనగరం జిల్లా ఏర్పడిన 1979లోనే, ప్రణాళికా సంఘం నిపుణుల బృందం పేదరికాన్నీ క్యాలరీలతోనే కొలిచింది. పల్లెలో మనిషికి రోజుకు 2400, పట్నంలో 2100. అవి సమకూరేంత ఖర్చు పెట్టగలిగితే గీత దాటినట్టే. 2009లో టెండూల్కర్ కమిటీ పేదరికపు గీతకీ క్యాలరీలకీ ఉన్న ఆ ముడి విప్పింది. ఈలోపు బడి భోజనానికి కూడా అదే కొలత వచ్చింది: 2001 నవంబరులో సుప్రీంకోర్టు కనీసం 300 క్యాలరీలు పెట్టాలంది, 2006లో కేంద్రం దాన్ని 450 చేసింది. ఆకలి తీర్చడానికి అది పెద్ద అడుగు, కాదనను.

కానీ మన చోళ్లనే, అంటే రాగులనే చూడండి. క్యాలరీల్లో బియ్యం కంటే కాస్త తక్కువే. కాల్షియం మాత్రం వంద గ్రాములకు 300 మిల్లీగ్రాముల పైమాటే, బియ్యంలో పదో పరకో. 2023లో బడుల్లో రాగిజావ మొదలైంది. బడి గోడ మీద రాసే మెనూలో క్యాలరీల పక్కన ఐరన్, కాల్షియం అంకెలు కూడా పెడితే తల్లులు అడగడానికి వీలుంటుంది.