పెయింట్‌బాల్ మార్కర్: చప్పుడులో పోయే గాలి

పెయింట్‌బాల్ ఆటలో రంగు నింపిన బంతులను గాలి ఒత్తిడితో కాల్చే తుపాకీయే మార్కర్. సెకనుకు 85 మీటర్ల (280 అడుగుల) వేగంతో పోయే 3 గ్రాముల పెయింట్‌బాల్‌లో ఉండే శక్తి దాదాపు 11 జౌళ్లు. బంతి వ్యాసం సుమారు 17.3 మిల్లీమీటర్లు. 20 సెంటీమీటర్ల బ్యారెల్‌లో అంత శక్తి అందాలంటే, రాపిడి సంగతి పక్కన పెడితే, బంతి వెనక సగటున 2.3 బార్ల అదనపు ఒత్తిడి చాలు. అంతకు మించి వదిలిన గాలి బంతి వెంటే మూతి దాటి, బయటి గాలిని ఒక్కసారిగా గుద్దుతుంది. మనకు వినబడే ‘ఠప్’లో పెద్ద వాటా దానిదే. అందుకే చప్పుడు తగ్గించడం, గాలి ఆదా చేయడం చాలావరకు ఒకే పని.

మొదట బ్యారెల్ చూడండి. దాన్ని మార్కర్ నుంచి విప్పి, వెనకవైపు బంతి పెట్టండి. దానంతటదే జారిపోతే వదులు. అప్పుడు గాలి పక్కనుంచి తప్పించుకుంటుంది. వేగం కోసం ఒత్తిడి పెంచుతాం, మోత పెరుగుతుంది. నోటితో ఊదితే కదిలిందా, పట్టు సరిపోయినట్టే. గట్టిగా ఊదినా కదలకపోతే లోపలే పగులుతుంది. జెలటిన్ పెంకు తేమకు ఉబ్బుతుంది కాబట్టి నిన్న సరిపోయిన ఇన్సర్ట్ (బంతి సైజుకు తగ్గట్టు బ్యారెల్‌లో పెట్టే లోపలి గొట్టం) ఇవాళ బిగుతు కావచ్చు.

బ్యారెల్ ముందు భాగంలోని రంధ్రాలు గాలిని కొద్దికొద్దిగా వదిలి మోతను మెత్తబరుస్తాయి. ఇక్కడ మాత్రం ఆదాకూ నిశ్శబ్దానికీ పొత్తు కుదరదు: రంధ్రాలు మరీ వెనక నుంచే మొదలైతే, ఇంకా బంతిని నెట్టాల్సిన గాలి వృథా అవుతుంది. తొలి 20 సెంటీమీటర్లు రంధ్రాల్లేకుండా ఉండి, ఆ తర్వాతే రంధ్రాలున్న 14 అంగుళాల బ్యారెల్ మా దృష్టిలో మంచి రాజీ. ఇంట్లో డ్రిల్‌తో రంధ్రాలు పెట్టకండి. లోపల మిగిలే చిన్న లోహపు ముల్లు ప్రతి బంతినీ చీరేస్తుంది. విడిగా తగిలించే సైలెన్సర్ల జోలికీ పోవద్దు, అమెరికాలో అవి తుపాకీ చట్టాల చిక్కు తెచ్చిపెట్టగలవు.

ఎలక్ట్రానిక్ మార్కర్లలో అసలు ఆదా డ్వెల్ దగ్గర ఉంది. అంటే వాల్వును తెరిచి ఉంచే సమయం. మాస్క్ పెట్టుకుని, బంతి వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు నిలబడి, డ్వెల్‌ను అర మిల్లీసెకను చొప్పున తగ్గిస్తూ కాల్చండి. కొంతదూరం వేగం మారదు. తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. అక్కడ ఆగి ఒక మిల్లీసెకను పెంచండి. ఆపైన గాలి ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్‌తో వేగాన్ని మైదానం పరిమితికి లోపల సరిచేయండి.

బంతిని బ్యారెల్‌లోకి నెట్టే బోల్ట్ మీది ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయం) అరిగితే గాలి వెనక్కి, బంతులు దిగే గొట్టంలోకి ఎగదన్నుతుంది. కాసేపు ఆగి కాల్చిన మొదటి షాట్ మందగిస్తే ఓ-రింగ్ అతుక్కుంటోందన్నమాట. తయారీదారు చెప్పిన గ్రీజు పల్చగా రాయండి. ట్యాంకు నింపే మూతిలో మాత్రం ఏ నూనే వేయకూడదు, అధిక పీడనంలో అది అంటుకునే ప్రమాదం ఉంది.

మార్పు పనిచేసిందో లేదో గేజీయే చెబుతుంది. నిండు ట్యాంకుతో 100 బంతులు కాల్చి, ట్యాంకు చల్లదనం తగ్గే దాకా ఆగి, ముల్లు ఎంత దిగిందో రాసుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, అవే బంతులతో మళ్లీ కొలవండి.