హాట్‌స్పాట్ రాకపోతే వైఫై కార్డు పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

"అన్నా, నా ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు పోయింది. హాట్‌స్పాట్ రావట్లేదు." ద్వారకానగర్‌లో మా సర్వీస్ షాపుకి ఈ మాటతో వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కొందరి చేతిలో అప్పటికే కొత్త యూఎస్‌బీ అడాప్టర్ కూడా ఉంటుంది. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: నెట్ అందుకునే కార్డు నెట్ ఇవ్వలేకపోతే పాడైనట్టే.

వాస్తవం: అందుకోవడం వేరు, ఇవ్వడం వేరు. యాక్సెస్ పాయింట్‌గా, అంటే రౌటర్‌లా నెట్ పంచేదిగా మారిన కార్డు ఆగకుండా బీకన్లు (నేనున్నానని చెప్పే చిన్న సిగ్నళ్లు) పంపాలి, వచ్చిన ప్రతి ఫోన్‌నీ చేర్చుకోవాలి, నిద్రలో ఉన్న ఫోన్‌కి రావాల్సిన డేటాను దాచి ఉంచాలి. డ్రైవర్‌లో (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్), ఫర్మ్‌వేర్‌లో (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) ఆ ఏర్పాటు లేకపోతే ఎంత మంచి కార్డయినా ఆ పని చేయలేదు.

పాత వీడియో చూసి, విండోస్‌లో వైఫై డ్రైవర్ వివరాలు చూపే నెట్‌ష్ (netsh) కమాండ్ కొడతారు. 'హోస్టెడ్ నెట్‌వర్క్ సపోర్టెడ్: నో' అని రాగానే గుండె జారిపోతుంది. టెన్షన్ పడకండి. అది విండోస్ 7తో వచ్చిన పద్ధతి, కొత్త డ్రైవర్లు చాలావరకు దాన్ని వదిలేశాయి. విండోస్ 10, 11లో ఉన్న మొబైల్ హాట్‌స్పాట్ వైఫై డైరెక్ట్ (రౌటర్ లేకుండా పరికరాలు నేరుగా కలిసే పద్ధతి) మీద నడుస్తుంది. కాబట్టి అక్కడ 'నో' అని ఉన్నా సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి చూడండి. లినక్స్ అయితే 'ఐడబ్ల్యూ లిస్ట్' (iw list) కొట్టి, సపోర్టెడ్ ఇంటర్‌ఫేస్ మోడ్స్ కింద 'ఏపీ' (AP, అంటే యాక్సెస్ పాయింట్) ఉందేమో వెతకండి. లేకపోతే కార్డు కన్నా ముందు డ్రైవర్ మార్చే దారి చూడండి. బ్రాడ్‌కామ్ సొంత 'డబ్ల్యూఎల్' డ్రైవర్‌లో ఏపీ మోడ్ లేదు. ఏథరోస్ పాత కార్డులు వాడే 'ఏథ్9కే'లో ఉంది.

మద్దిలపాలెం హాస్టల్ నుంచి ఒక ఇంజినీరింగ్ అబ్బాయి వచ్చాడు. మర్నాడే ప్రాజెక్ట్ డెమో. ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్ ఫోన్‌లో కనిపిస్తోంది, తన ప్రాజెక్ట్‌లోని ఈఎస్‌పీ8266 బోర్డుకి (చిన్న వైఫై సర్క్యూట్ బోర్డు) మాత్రం దొరకట్లేదు. ఎవరో కార్డు వీక్ అని చెబితే నాన్న పంపిన మెస్ డబ్బుల్లోంచి అడాప్టర్ కొన్నాడు, దానితోనూ అదే కథ. మాట్లాడుతుంటే గొంతు వణుకుతోంది. కూర్చోబెట్టి టీ తాగించి, అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచాను. అది హాస్టల్ వైఫైకి 5 గిగాహెర్ట్జ్‌లో కనెక్ట్ అయి ఉంది. కార్డులో రేడియో ఒక్కటే. చాలా డ్రైవర్లు ఒకేసారి ఒకే చానల్ మీద పనిచేయనిస్తాయి, అందుకే హాట్‌స్పాట్ కూడా 5లోనే లేచింది. ఆ బోర్డుకి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప వేరేది తెలియదు. హాస్టల్ వైఫై తీసేసి, ఫోన్ నుంచి యూఎస్‌బీ టెథరింగ్‌తో (కేబుల్ ద్వారా) నెట్ ఇచ్చి, హాట్‌స్పాట్‌ని 2.4కి మార్చాను. బోర్డు వెంటనే కలిసింది, పాత కార్డుతోనే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. హాట్‌స్పాట్ సాఫ్ట్‌వేర్ వేస్తే డ్రైవర్‌లో లేని మోడ్ రాదు, ఊరికే వేసుకోకండి. యాంటెన్నా మార్చినా రాదు. లినక్స్‌లో 5 గిగాహెర్ట్జ్ చానళ్ల పక్కన 'నో ఐఆర్' అని ఉంటే అది ఆ చానల్‌లో కార్డు తానుగా సిగ్నల్ మొదలుపెట్టకుండా రేడియో నియమాల కోసం పెట్టిన అడ్డు, కార్డు లోపం కాదు. ఇంటెల్ కార్డుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

అడాప్టర్ కొనక తప్పదంటే చిప్‌సెట్ (లోపలి అసలు చిప్) ఏదో అడిగి తెలుసుకుని కొనండి. డబ్బా మీద మోడల్ నంబర్ ఒకటే ఉన్నా, వెర్షన్ మారితే లోపలి చిప్ కూడా మారిపోవచ్చు.