సింగపూర్ తిండి: మనవాళ్ల అపోహలు, అసలు సంగతులు

సింగపూర్‌లో లైసెన్సు ఉన్న టూరిస్ట్ గైడ్‌గా పనిచేస్తున్నాను. మ్యూజియాల కంటే మార్కెట్లు, హోటళ్లు, హాకర్ సెంటర్లు (ఒకే కప్పు కింద చిన్న చిన్న తిండి స్టాళ్లు ఉండే చోట్లు) చూపించడమే నాకిష్టమైన పని. మన ఊళ్ల నుంచి వచ్చే కుటుంబాలు చాలావరకు విమానం ఎక్కకముందే ఒక నిర్ణయానికి వచ్చేస్తాయి: అక్కడ మనం తినేవి ఏమీ ఉండవు, మూడు పూటలా ఇండియన్ హోటలే గతి. పచ్చళ్లు, పొడులు వెంట తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. కానీ నాలుగు రోజులు ఉండి, ఈ ఊళ్లో పుట్టిన వంట ఒక్కటీ రుచి చూడకుండా వెళ్లిపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఎప్పుడూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: హాకర్ సెంటర్ అంటే రోడ్డు పక్క బండి లాంటిదే. తింటే కడుపు పాడవుతుంది.

ఒకప్పుడు ఇవి నిజంగానే రోడ్డు మీది తోపుడు బండ్లు. 1968-69లో ప్రభుత్వం ఆ బండ్లవాళ్లందరి పేర్లూ నమోదు చేసింది. 1971 నుంచి 1986 వరకు కుళాయి నీళ్లు, డ్రైనేజీ, పైకప్పు ఉన్న కేంద్రాలు కట్టి అందరినీ అక్కడికి మార్చింది. స్టాల్‌కి లైసెన్సు తప్పనిసరి, తనిఖీలు ఉంటాయి. శుభ్రతను బట్టి గ్రేడు ఇచ్చి, దాన్ని స్టాల్ ముందే తగిలించే పద్ధతి 1997లో వచ్చింది. 2016లో రెండు హాకర్ స్టాళ్లకు, పేరున్న హోటళ్లకు ఇచ్చే మిషెలిన్ స్టార్ ఇచ్చారు. 2020లో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. పిల్లలతో వచ్చినవాళ్లు కూడా టెన్షన్ లేకుండా కూర్చుని తినవచ్చు. తిన్నాక ట్రే తీసుకెళ్లి పెట్టాల్సిన చోట పెట్టాలి. 2021 నుంచి అది నియమం, వదిలేస్తే హెచ్చరిక, మళ్లీ వదిలేస్తే జరిమానా.

బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఒక్కటే కనిపిస్తే అది ఎవరో మర్చిపోయింది కాదు, ఆ చోటు పట్టుకున్నారని అర్థం. అక్కడ కూర్చోకండి.

అపోహ: చైనీస్ అంటే అంతా ఒకటే. నూడుల్స్, ఫ్రైడ్ రైస్, మంచూరియా.

మంచూరియా ఇండియాలో పుట్టింది. లిటిల్ ఇండియాలోని మన హోటళ్లలో దొరుకుతుంది, హాకర్ సెంటర్‌లోని చైనీస్ స్టాల్‌లో మాత్రం అడగకండి. సింగపూర్‌కు వలస వచ్చిన చైనీయులు ఎక్కువగా దక్షిణ చైనా వాళ్లు: హొక్కియెన్, టియోచ్యూ, కాంటనీస్, హక్కా, హైనానీస్. ఒక్కొక్కరి వంట ఒక్కో దారి. రొయ్యల తలలు మరిగించిన రసంలో నూడుల్స్ మగ్గించేది హొక్కియెన్ స్టాల్. పల్చని గంజన్నం, తేలికైన చేపల సూప్ టియోచ్యూ వాళ్లవి. వేలాడదీసిన బాతులు, కాల్చిన మాంసం కనిపిస్తే అది కాంటనీస్.

వీళ్లలో హైనాన్ ద్వీపం వాళ్లు కాస్త ఆలస్యంగా వచ్చారు. అప్పటికే వ్యాపారాలన్నీ ముందొచ్చినవాళ్ల చేతుల్లో ఉండటంతో ఎక్కువమంది ఇంగ్లీషు దొరల ఇళ్లలో, హోటళ్లలో వంటవాళ్లుగా చేరారు, తర్వాత కాఫీ షాపులు పెట్టుకున్నారు. సింగపూర్ పేరు చెప్పగానే అందరూ తలచుకునే చికెన్ రైస్ వాళ్ల చేతి వంటే. మనవాళ్లు ఆ ప్లేటు చూసి తెల్లగా ఉంది, ఉడకలేదు, మసాలా లేదు అని పక్కకు నెడతారు. కాసేపు ఆగి చూడండి. కోడిని తెర్లే నీళ్లలో కాకుండా, మరుగు తగ్గించిన నీళ్లలో నిదానంగా ఉడికిస్తారు. తీసిన వెంటనే చల్లటి నీళ్లలో ముంచుతారు. దాంతో చర్మం బిగిసి, దాని కింద సన్నటి జెల్లీ పొర ఏర్పడుతుంది, మాంసం పీచు కట్టదు. అసలు పనితనమంతా అన్నంలో ఉంది. బియ్యాన్ని కోడి కొవ్వులో, అల్లం వెల్లుల్లితో వేయించి, కోడి ఉడికిన నీళ్లే ఎసరుగా పోసి, సువాసనకు పాండన్ ఆకు ముడి వేసి వండుతారు. పక్కన ఎర్ర మిరపకాయ, వెల్లుల్లి, అల్లం, చిన్న నిమ్మకాయ రసం కలిపి నూరిన పచ్చడి ఇస్తారు. ముందు అన్నం ఒక్కటే తినండి, తర్వాత ఆ పచ్చడితో ముక్క తినండి. హైనాన్‌లో కోడి వంటకానికి మూలం ఉంది, నిజమే. ఈ పచ్చడితో కలిపి ఈ రూపం మాత్రం ఇక్కడిది.

అపోహ: శాకాహారులు ఇండియన్ హోటల్ దాటి బయటికి రాలేరు.

లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు చుట్టుపక్కల ఇడ్లీ, దోశకు లోటు లేదు. ఆనంద భవన్ 1924 నుంచి, కోమల విలాస్ 1947 నుంచి నడుస్తున్నాయి. అయితే శాకాహారం అక్కడితో ఆగిపోదు. ఇక్కడి బౌద్ధులలో చాలామంది చాంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం ముట్టరు, మనకు ఏకాదశి లాగే. వాళ్ల కోసం చాలా హాకర్ సెంటర్లలో ఒక వెజిటేరియన్ స్టాల్ ఉంటుంది. బౌద్ధ ఆచారం పాటించే స్టాళ్లలో ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. మన పెద్దవాళ్లకు ఈ మాట చెప్పగానే మొహం విచ్చుకుంటుంది. పొద్దున్న వెళితే వేయించిన సన్న బియ్యపు సేమ్యా, పక్కన కరకరలాడే సోయా పాల మీగడ రేకులు, క్యాబేజీ కూర దొరుకుతాయి. కొన్ని ముక్కలు చూడ్డానికి అచ్చం మాంసంలాగే ఉంటాయి, అవి సోయాతోనో గోధుమ పిండి జిగురుతోనో చేసినవి. గుడ్డు, పాలు వాడేదీ లేనిదీ స్టాల్‌ను బట్టి మారుతుంది, అడిగి తీసుకోండి.

వాటర్లూ స్ట్రీట్‌కి తప్పకుండా వెళ్లండి. క్వాన్ ఇమ్ అమ్మవారి గుడి, దాని పక్కనే శ్రీకృష్ణుడి గుడి. ఇటు దండం పెట్టుకున్న చైనీయులు అటు కృష్ణుడికీ అగరొత్తులు వెలిగిస్తారు. ఆ చుట్టుపక్కల శాకాహార భోజనశాలలు చాలా ఉన్నాయి.

జాగ్రత్త పడాల్సింది మామూలు స్టాళ్లలో కనిపించే కూరగాయల దగ్గర. తూటికూర వేపుడు ప్లేటులో పచ్చగా కనిపిస్తుంది, కానీ అందులో బెలచాన్ పడుతుంది. పులియబెట్టిన రొయ్యల ముద్ద అది. కొబ్బరి పాల రసంలో నూడుల్స్ వేసి ఇచ్చే లక్సా మసాలాలో ఎండు రొయ్యలు నూరతారు. ఆకుకూరల మీద ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పలతో చేసిన సాస్ పోస్తారు. బ్రెడ్డు మీద రాసే కాయా జామ్‌లో కొబ్బరి పాలతో పాటు గుడ్డు ఉంటుంది. కాబట్టి ‘నో మీట్’ అంటే సరిపోదు. రొయ్యలు వద్దు, చేప వద్దు, ఆయిస్టర్ సాస్ వద్దు అని విడివిడిగా చెప్పండి. ఎండు రొయ్యలు వేసిన గోంగూర ఇష్టపడే మన కోస్తావాళ్లకైతే ఈ బెలచాన్ వాసన పెద్ద కొత్తేమీ కాదు, ధైర్యంగా తినవచ్చు.

అపోహ: హలాల్ బోర్డు, ‘నో పోర్క్ నో లార్డ్’ బోర్డు రెండూ ఒకటే.

కాదు. హలాల్ సర్టిఫికెట్ ఇచ్చేది ముయిస్ అనే ఇస్లామిక్ మండలి, 1978 నుంచి ఇస్తోంది. రెండో బోర్డు దుకాణదారు తనంతట తాను పెట్టుకున్న మాట. పంది మాంసం, పంది కొవ్వు వాడబోమని మాత్రమే దాని అర్థం. ఇక బీఫ్ తినని మనవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, ఈ రెండు బోర్డులూ బీఫ్ గురించి ఏమీ చెప్పవు. మలయ్ స్టాల్‌లో కొబ్బరి పాలతో దగ్గరగా వండే రెండాంగ్ కూర తరచూ బీఫ్‌తోనే ఉంటుంది. అడగడానికి మొహమాటపడకండి. క్వాన్ ఇమ్ భక్తులైన చైనీయులు కూడా చాలామంది బీఫ్ తినరు, కాబట్టి స్టాల్ వాళ్లకు ఈ ప్రశ్న అలవాటే.

అపోహ: మన తిండి కోసం సింగపూర్ దాకా వెళ్లాలా?

ఇక్కడి ఇండియన్ వంటల్లో కొన్ని ఇండియాలో దొరకవు. మీ గోరెంగ్ తీసుకోండి. చైనీస్ పసుపు నూడుల్స్‌ని తమిళ ముస్లింలు మిరప ముద్ద, టమాటా, బంగాళాదుంప, గుడ్డు వేసి ఎర్రగా వేయించగా తయారైన వంట అది.

చేప తల కూర కథ ఇంకా బాగుంటుంది. కేరళ నుంచి వచ్చిన ఎం.జె. గోమెజ్ 1949లో ఇక్కడ మొదలుపెట్టారని చెబుతారు. చేప తలంటే చైనీయులకు ప్రాణం. వాళ్ల కోసం పెద్ద స్నాపర్ చేప తలను మసాలా, చింతపండు పులుసులో వండి పెట్టారు. ఇప్పుడు దాన్ని చైనీస్ హోటళ్లు కూడా తమ పద్ధతిలో వండుతున్నాయి. బెండకాయ, వంకాయ వేసిన ఆ పులుసు మన నెల్లూరు చేపల పులుసు తిన్నవాళ్లకు వెంటనే నచ్చుతుంది. తల ఒక్కటే ముగ్గురికి సరిపోతుంది, ఇద్దరే ఉంటే చిన్నది అడగండి.

అపోహ: పెరనాకన్ వంట అంటే ఈమధ్య వచ్చిన ఫ్యూజన్.

చైనా వర్తకులు ఇక్కడి ఆడవాళ్లను పెళ్లాడి స్థిరపడిన కుటుంబాల ఇంటి వంట ఇది. తరాల నాటిది. ఆయమ్ బువా కెలువాక్ అనే కోడి కూర ఒక్కటి తింటే ఎంత ఓపికతో కూడిన వంటో తెలుస్తుంది. అందులో వేసే కెలువాక్ గింజలో సహజంగా సైనైడ్ విషం ఉంటుంది. ఉడికించి, బూడిదలో, మట్టిలో రోజుల తరబడి పూడ్చిపెట్టాకే తినడానికి పనికొస్తుంది. తర్వాత వంటింట్లో మళ్లీ నీళ్లు మారుస్తూ నానబెట్టి, మూతి పగలగొట్టి, లోపలి నల్లటి గుజ్జు తీసి, కీమాతో నూరి, తిరిగి అదే పెంకులో కూరుతారు. చిన్న చెంచాతో తవ్వుకుని అన్నంలో కలుపుకోవాలి. కీమాలో పంది మాంసం కూడా కలుపుతుంటారు, ముందే అడగండి.

అపోహ: పొడవాటి క్యూ ఉన్నచోటే మంచి తిండి.

టూరిస్టుల క్యూ వేరు, ఆఫీసు వాళ్ల క్యూ వేరు. ఒకటే వంట చేసే స్టాల్ ముందు, మధ్యాహ్నం మెడలో ఐడీ కార్డులు వేసుకున్నవాళ్లు నిలబడితే మీరూ నిలబడండి. సరుకు అయిపోతే రెండు గంటలకే మూసేస్తారు.

అపోహ: ఇక్కడుండేవి చైనీస్, మలయ్, ఇండియన్, ఈ మూడే.

సిటీ హాల్ స్టేషన్ దగ్గర పెనిన్సులా ప్లాజాకి వెళ్లి చూడండి, బర్మా వాళ్ల బజారు అది. ఒకప్పుడు కోరంగి రేవు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లి బతికిన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు స్థిరపడిన విశాఖ బర్మా క్యాంపులో బర్మా నూడుల్స్ తిన్నవాళ్లకు ఇక్కడి రుచులు కొన్ని తెలిసినట్టే అనిపిస్తాయి. పులియబెట్టిన టీ ఆకుల సలాడ్‌లో వేరుశనగ గుళ్లు, నువ్వులు, వేయించిన పప్పులు కలుపుతారు. శాకాహారులు ఎండు రొయ్యలు వద్దని చెప్పాలి. చేప తినేవాళ్లు మోహింగా అడగండి. చేపల రసంలో అరటి దవ్వ ఉడికించి, బియ్యపు నూడుల్స్ మీద పోసి ఇస్తారు. పైన పప్పు వడ నలిపి వేయమనండి. ఆదివారం బర్మా వాళ్లలో చాలామందికి సెలవు కాబట్టి రద్దీ ఎక్కువ, పొద్దున్నే వెళ్తే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.