పాత మియాటాను ఇంట్లో బాగుచేసుకోవడం: అపోహలు - వాస్తవాలు

మాది విజయవాడ. మా మేనమామకు ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు ఉండేది. వేసవి సెలవులన్నీ నాకు అక్కడే గడిచేవి. ఇప్పుడు ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉంటూ, తొలి తరం మాజ్దా మియాటాలు బాగుచేయడమే పనిగా పెట్టుకున్నాను. ఇక్కడ ఉద్యోగాల్లో కుదురుకున్న మన కుర్రాళ్లు తరచూ ఫోన్ చేస్తుంటారు. ‘అన్నా, పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొని ఇంట్లోనే తయారు చేసుకుందామనుకుంటున్నా’ అంటారు. వాళ్లు ముందు అడిగేది టర్బో గురించి. నేను ముందు అడిగేది తలుపుల కింద రేకు ఎలా ఉందని.

మియాటానే ఎందుకంటారా? 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించిన కారు ఇది. జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ పేరుతో అమ్మారు. తొలి తరం 1997 దాకా నడిచింది. రెండు సీట్లు, టన్నుకు అటూ ఇటూ బరువు, వెనక చక్రాలకు పవరు, నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని పైనొకటి, కిందొకటి చేతులు పట్టి ఉంచే ఏర్పాటు). 2016లో మియాటాల లెక్క పది లక్షలు దాటింది. అన్ని కార్లు తయారయ్యాయి కాబట్టే సామాన్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. బానెట్ ఎత్తితే ప్రతి బోల్టుకూ పానా వెళ్లేంత చోటు ఉంటుంది. ఇంట్లో పని నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి కారు నేను చూడలేదు.

అపోహ: ఇంజన్ బాగుంటే చాలు, బాడీ సంగతి తర్వాత చూసుకోవచ్చు

ఇది సరిగ్గా తిరగేసి చెప్పాల్సిన మాట. ఈ కారు ఇంజన్ గట్టిది. పాడైనా ఇంకోటి దొరుకుతుంది, ఒక వారాంతంలో మార్చుకోవచ్చు. బాడీ తుప్పు తింటే మాత్రం కారే పోయినట్టు.

తుప్పు ఎక్కడ మొదలవుతుందో తెలిస్తే కొనేటప్పుడే పట్టుకోవచ్చు. గుడ్డ టాప్ మీద పడిన వాన నీరు సీట్ల వెనక ఉండే రెండు గొట్టాల్లోకి దిగి, వెనక చక్రాలకు కాస్త ముందు నేల మీదికి పోవాలి. ముప్పై ఏళ్ల ఆకులూ మట్టీ చేరి ఆ గొట్టాలు మూసుకుపోతాయి. నీరు వెళ్లే దారి లేక తలుపు కింద పెట్టెలా ఉండే రాకర్ ప్యానెల్‌లో నిలుస్తుంది. అక్కడ నుంచి రేకు లోపలి వైపు కుళ్లుతూ వస్తుంది. బయటికి బుడగ కనపడే సరికి లోపల సగం పోయి ఉంటుంది. ఇక్కడ కొలంబస్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది.

అందుకే నేను కారు చూడటానికి వెళ్తే ఒక టార్చి, ఒక చిన్న అయస్కాంతం, ఒక లీటరు నీళ్ల సీసా తీసుకెళ్తాను. సీటు వెనక కార్పెట్ ఎత్తి, గొట్టం నోట్లో మెల్లగా నీళ్లు పోసి, కారు కింద చూస్తాను. రెండు క్షణాల్లో ధార పడితే సంతోషం. చుక్క చుక్కగా మట్టి నీళ్లు వచ్చాయా, ఆ వైపు రాకర్‌ను అనుమానించాల్సిందే. అసలేమీ రాకపోతే ధర మాట్లాడే ముందు చాలా ఆలోచించాలి.

రెండేళ్ల కిందట ఒక తమ్ముడు ఎర్రటి 1992 మియాటా కొని నా దగ్గరికి తెచ్చాడు. రంగు అద్దంలా మెరుస్తోంది. కుడి రాకర్ వెనక కొసన అయస్కాంతం పెడితే పట్టుకోకుండా జారి పడిపోయింది. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే బిస్కెట్ విరిగినట్టు లప్పం పెళ్ల ఊడి వచ్చింది. లోపల రేకు లేదు. పసుపు పచ్చటి ఫోమ్ నింపి, దాని మీద అంగుళం మందాన లప్పం పెట్టి రంగు కొట్టేశారు. ఆ ఫోమ్‌ను పిండితే నీళ్లు కారాయి. తడి గుడ్డ చుట్టి పెట్టినట్టు అది మిగిలిన రేకును కూడా తినేస్తోంది. ఆ తమ్ముడి ముఖం నాకింకా గుర్తుంది. దాచుకున్న డబ్బుతో కొన్నాడు. మా మామయ్య అనేవాడు, ‘లప్పం రేకుకు పౌడరేరా, ఎముక కాదు’ అని. గీతలూ చిన్న సొట్టలూ నునుపు చేయడానికి పల్చగా రాసేదే లప్పం. చిల్లు పడితే మెరిసే రేకు వచ్చేదాకా కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, అతుకుల్లో సీలర్ రాసి, లోపల మైనం స్ప్రే చేయాలి. తుప్పును నల్లగా మార్చే రసాయనాలు పైపైన పట్టిన తుప్పుకే పనికొస్తాయి, చిల్లుకు కాదు.

అపోహ: ఇంజన్ వెనక ఆయిల్ కారుతోందంటే పెద్ద సీలు పోయినట్టే

గేర్‌బాక్స్ దింపి, ఇంజన్ వెనక కొసన ఆయిల్ కారకుండా ఆపే పెద్ద సీలు మార్చాలని ఒక షాపు వాళ్లు చెబితే, భయపడి నా దగ్గరికి వచ్చినవాళ్లు ముగ్గురున్నారు. మూడు కార్లలోనూ తప్పు ఒకటే. ఇంజన్ పై భాగమైన సిలిండర్ హెడ్ వెనక, టైమింగ్‌ను కంప్యూటర్‌కు చెప్పే క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దాని చుట్టూ ఉండే రబ్బరు రింగు ఏళ్లు గడిచే కొద్దీ వేడికి గట్టిపడి చదునవుతుంది. ఆయిల్ అక్కడి నుంచి గేర్‌బాక్స్ మీదికి జారుతుంది కాబట్టి, కింద నుంచి చూసేవాళ్లకు పెద్ద సీలే లీకవుతున్నట్టు కనపడుతుంది. ముందు మొత్తం శుభ్రంగా తుడవండి. నాలుగు రోజులు నడిపి పై నుంచి టార్చి వేసి చూడండి. సెన్సర్ విప్పే ముందు అది ఏ కోణంలో ఉందో మార్కరుతో గీత పెట్టుకోవడం మరవకండి, లేకపోతే టైమింగ్ మారిపోతుంది. అయ్యే ఖర్చు కొన్ని డాలర్లే.

ఉదయం స్టార్ట్ చేయగానే టక్ టక్ మని వినిపించే చప్పుడు కూడా చాలావరకు భయపడాల్సింది కాదు. అవి వాల్వుల దగ్గర ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్లు. ఆయిల్ నిండగానే సద్దుమణుగుతాయి. ఆయిల్ పాతబడినా, మట్టం తగ్గినా చప్పుడు ఎక్కువవుతుంది.

నిజంగా భయపడాల్సింది చప్పుడు చేయదు. 1990, 1991 తొలినాళ్ల 1.6 లీటర్ ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ముందు కొస, అంటే ముక్కు, పొట్టిది. ముందు పుల్లీని పట్టి ఉంచే బోల్టు సరైన బిగువులో లేకుండా బిగిస్తే, పుల్లీ జారకుండా ఆపే కీ అనే చిన్న ఇనుప ముక్క కూర్చునే గాడి మెల్లగా అరిగిపోతుంది, టైమింగ్ జరిగిపోతుంది, చివరికి క్రాంక్ మార్చాల్సి వస్తుంది. పుల్లీలో నాలుగు గాళ్లు కనపడితే అది పొట్టి ముక్కు, ఎనిమిది ఉంటే తర్వాతి పెద్ద ముక్కు. బండి స్టార్ట్‌లో ఉండగా ఆ బోల్టు తల కేసి చూడండి. అది వణుకుతుంటే ఆ కారు వదిలేయండి. నాలుగు ఉన్నంత మాత్రాన కారు చెడ్డదని కాదు. టైమింగ్ బెల్టు మార్చినప్పుడల్లా టార్క్ రెంచ్‌తో బిగించిన బండి హాయిగా నడుస్తూనే ఉంటుంది.

అపోహ: టైమింగ్ బెల్టు తెగితే వాల్వులు వంగిపోతాయి

తొలి తరం మియాటాల్లో వంగవు. పిస్టన్లు వాల్వులకు తగలవు, బండి దారిలో ఆగిపోతుంది, అంతే. 2001 నుంచి వచ్చిన ఇంజన్ల సంగతి వేరు. ఏదైనా సరే 60,000 మైళ్లకు బెల్టు మార్చండి, అదే చేత్తో వాటర్ పంపు కూడా.

అపోహ: కొత్త బుష్‌లు వేసి గట్టిగా బిగిస్తే సస్పెన్షన్ పని అయిపోయినట్టే

ఇందులో నేను చేసిన తప్పే చెబుతాను. నా మొదటి కారుకు సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లన్నీ కొత్తవి వేశాను. కారు స్టాండ్ల మీద ఉండగానే బోల్టులన్నీ పూర్తిగా బిగించేశాను. కిందికి దించితే ముందు వైపు వేలెడు ఎత్తు ఎక్కువగా నిలబడింది. ఏడాది తిరగకుండా రబ్బర్లు చీలిపోయాయి.

రబ్బరు బుష్ బేరింగ్‌లా తిరగదు. లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని, చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా మెలి తిరిగి వెనక్కి వస్తుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే అదే దాని మామూలు స్థితి అనుకుంటుంది. కారు నేల మీదికి రాగానే రోజంతా మెలిపడే ఉంటుంది. కాబట్టి బోల్టులు వదులుగా వేసి, కారును చక్రాల మీద నిలబెట్టి లేదా ప్రతి చక్రాన్నీ జాక్‌తో అసలు ఎత్తుకు లేపి, అప్పుడు చివరి బిగువు ఇవ్వాలి. ఆ తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి. ఎన్ని డబ్బులు పెట్టి ఏ స్ప్రింగులు వేసినా, ఈ వరస తప్పితే కారు ఎప్పటికీ కుదురుగా నడవదు.

జాక్ ఎక్కడ పెట్టాలన్నది కూడా ఇక్కడే చెప్పేస్తాను. ముందు వైపు ఇంజన్ కింద అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్ కింద, వెనక వైపు రెండు చక్రాల మధ్యనున్న డిఫరెన్షియల్ కింద. తలుపు కింద రేకు అంచున గుడ్డిగా పెడితే అది నలిగిపోతుంది, నలిగిన చోట రంగు పగిలి తుప్పు మొదలవుతుంది. జాక్ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి వెళ్లకండి. స్టాండ్లు పెట్టి, కారును భుజంతో బలంగా ఊపి చూసి, అప్పుడు దూరండి. అయిదు నిమిషాల పనే కదా అనుకున్న రోజు కూడా.

అపోహ: ఫిల్టరూ సైలెన్సరూ మారిస్తే పవరు పెరుగుతుంది

పెరిగేది చప్పుడు. 1.6 లీటర్ ఇంజన్‌కు కంపెనీ చెప్పిన లెక్కే 116 హార్స్ పవర్. బానెట్ కింద రేడియేటర్ వెనక బహిరంగంగా పెట్టిన కోన్ ఫిల్టర్ వేడి గాలి పీలుస్తుంది. ఒక్కోసారి ముందున్నదానికన్నా తగ్గుతుంది కూడా.

ఈ కారు ఆనందం వేగంలో లేదు, మలుపులో ఉంది. మలుపును నిర్ణయించేది టైర్లు. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని అర్థం. గాడి ఎంత లోతున్నా అది రాయిలా మారిన రబ్బరు. కొత్త మంచి టైర్లు వేసి మొదటి మలుపు తిప్పిన రోజు, ఇదేనా నా కారు అని ఆశ్చర్యపోతారు. కంపెనీ ఇచ్చింది 14 అంగుళాల తేలిక చక్రాలు. వాటిని తీసి 17 అంగుళాల బరువైనవి వేస్తే, చూడటానికి ఎలా ఉన్నా, స్టీరింగ్‌లోని ఆ చురుకుదనం పోతుంది.

పెద్ద బ్రేకుల కోరికా ఇలాంటిదే. మామూలు రోడ్డు మీద చక్రాన్ని లాక్ చేసే శక్తి కంపెనీ బ్రేకులకే ఉంది, ఆ తర్వాత ఆపేది టైరు పట్టు. ముప్పై ఏళ్ల రబ్బరు బ్రేకు గొట్టాలు మార్చండి. చక్రం దగ్గర బ్రేకును నొక్కి పట్టే కాలిపర్ల పిన్నులు తీసి శుభ్రం చేసి గ్రీజు రాయండి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరితే త్వరగా మరుగుతుంది. కాబట్టి రెండేళ్లకోసారి మార్చండి. అంతవరకు చేశాక పెడల్ తొక్కి చూసి, అప్పుడు పెద్ద బ్రేకుల మాట మాట్లాడదాం.

అపోహ: మాస్కు పెట్టుకుంటే గ్యారేజీలో క్లియర్ కోటు కొట్టుకోవచ్చు

దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రంగు మీద మెరుపు కోసం, గట్టిపడే ద్రవం కలిపి కొట్టే పారదర్శక పూత, అంటే క్లియర్ కోటులో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు ఒకసారి పడకపోతే జీవితాంతం ఉబ్బసం తెచ్చిపెడతాయి. దుమ్ము మాస్కు వాటిని ఆపదు. బొగ్గు ఫిల్టరు మాస్కు పని అయిపోయిన సంగతి వాసనతో తెలియదు. బయటి నుంచి గాలి అందించే హుడ్ ఉంటేనే ఆ పని చేయాలి. ఇంకో సంగతి, ఇక్కడి చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ గ్యారేజీలోనే ఉంటుంది, దానిలో మంట ఉంటుంది. థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పాకుతూ అక్కడికి చేరుతుంది.

నేను చెప్పేది ఇది: విప్పడం, రేకు పని, లప్పం, ప్రైమర్, నీళ్ల కాగితంతో రుద్దడం మీరు ఇంట్లో చేయండి. రంగులో ఎక్కువ కష్టం అక్కడే ఉంది. చివరి కోటు బూత్ ఉన్న చోట కొట్టించండి.

అపోహ: మా ఊళ్లో పొగ పరీక్ష లేదు, క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయొచ్చు

కొలంబస్‌లో పరీక్ష లేని మాట నిజమే. అయినా పొగలోని విష వాయువులను తగ్గించే ఆ కన్వర్టర్‌ను తీసేయడం అమెరికా అంతటా ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. కాలిఫోర్నియాలో అయితే ఉద్గారాల వ్యవస్థను మార్చే బయటి కంపెనీ పార్టుకు అక్కడి ఎయిర్ బోర్డు ఇచ్చిన అనుమతి ఆర్డరు నంబరు ఉండాలి. హైదరాబాద్ నుంచి అడిగేవాళ్లకు: మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న తయారీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. బోల్టు విప్పే ముందే అది చదవండి.

అపోహ: పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగొస్తుంది

రాదు. మీ అభిరుచికి వేసిన స్టీరింగూ సీట్లూ కొనేవాడికి నచ్చాలని లేదు. కంపెనీ స్టీరింగ్‌తో పాటు అందులోని ఎయిర్‌బ్యాగ్ కూడా పోతుందని గుర్తుంచుకోండి. తీసిన ప్రతి అసలు పార్టునూ చీటీ కట్టి డబ్బాలో దాచండి, కారు విలువ సగం ఆ డబ్బాల్లో ఉంటుంది. తుప్పు పట్టిన చవక కారును బాగుచేయడానికి అయ్యే ఖర్చుకు, జాగ్రత్తగా చూసుకున్న కారు ఎక్కువ ధరకు కొన్నా మిగులే.

అపోహ: చలికాలంలో వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచాలి

ఆ పది నిమిషాల్లో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి ఆయిల్‌లోనూ సైలెన్సర్‌లోనూ నీరుగా నిలిచిపోతుంది. నడపని కారును స్టార్ట్ చేయకపోవడమే మేలు. కొత్త ఆయిల్ పోయండి, ట్యాంకు నింపి స్టెబిలైజర్ కలపండి, టైర్లలో గాలి కాస్త ఎక్కువ పట్టండి. డిక్కీలో ఉండే బ్యాటరీకి ఛార్జి తగ్గకుండా చూసే మెయింటెయినర్ తగిలించండి. హ్యాండ్ బ్రేకు మాత్రం వేయకండి, వెనక కాలిపర్లు అలాగే పట్టేస్తాయి. చక్రాలకు చెక్క ముక్కలు అడ్డం పెట్టండి. టాప్ మూసే ఉంచండి, చలికి టాప్ వెనకున్న ప్లాస్టిక్ కిటికీ మడిస్తే పగులుతుంది. మార్చి నెలలో ఉప్పంతా కడిగేసే మొదటి పెద్ద వాన పడ్డాక, జిప్పు తీసి, కిటికీని చేత్తో పరిచి, అప్పుడు టాప్ దించండి.