గోడని పగలగొట్టేది వేరా, మట్టా?

ఒంగోలు నుంచి ఒకాయన అడిగారు, ఇంటి ముందు వరండాకీ కాంపౌండ్ గోడకీ మధ్య ఏడెనిమిది అడుగుల జాగా ఉంది, గోడ అవతల రోడ్డు, అక్కడ వేప మొక్క పెడదామంటే ఇంట్లో పెద్దవాళ్లు వేరు పోయి గోడ పగులుద్ది వద్దంటున్నారు, నిజమేనా అని. గోడ పగలడం నిజమే సార్. వేరు బలంతో నెట్టి పగలగొట్టుద్ది అనుకోవడం దగ్గరే తేడా. గుంట ఎంత తియ్యాలి, ఎరువు ఎంత వెయ్యాలి అనేవి ఏ నర్సరీలో అడిగినా చెప్తారు, నేను చెప్పాలనుకునేది మట్టి సంగతి, ఎందుకంటే నాకు ఇందులో అన్నిటికంటే అద్భుతంగా అనిపించేది అదే.

ముందు వేరు గురించి ఒక మాట. స్కూల్లో చెట్టు బొమ్మ గీయిస్తే కింద తల్లివేరు చెట్టంత లోతుకి దిగినట్టు గీయిస్తారు. ఆ బొమ్మ మార్చాలి. వేర్లకి గాలి కావాలి, లోతుకి పోయేకొద్దీ ఆక్సిజన్ తగ్గిపోద్ది, అందుకని ఎక్కువ చెట్లకి వేర్లలో చాలా భాగం పై రెండు మూడు అడుగుల్లోనే ఉంటది, పక్కలకి మాత్రం కొమ్మల నీడ దాటి పోద్ది. వేరు లావయ్యేటప్పుడు పైనున్న కడప బండనో తేలికపాటి గోడనో ఎత్తగలదు, ఇంటిని ఎత్తలేదు. పైపులోకి వేర్లు దూరతాయంటారు, అది కూడా పైపు ముందే ఎక్కడో కారుతుంటేనే, ఆ తడి దొరికి అటు పెరుగుతాయి.

మరి గోడ ఎందుకు పగులుద్ది? ఒంగోలు, నాగులుప్పలపాడు వైపు నల్లరేగడి. అందులో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను ఖనిజం ఉంటది. దాన్ని విస్తరాకుల కట్టలాగా ఊహించుకోండి. ఒక్కో ఆకు మందం దాదాపు 1 నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. ఆ ఆకు కూడా మూడు పొరలు, పైనా కిందా సిలికా, మధ్యలో అల్యూమినా. మధ్య పొరలో కొన్నిచోట్ల అల్యూమినియం ఉండాల్సిన జాగాలో మెగ్నీషియం చేరుద్ది, దాంతో ఆకు మొత్తానికి కొంచెం రుణావేశం (నెగటివ్ చార్జి) వస్తది, దాన్ని సరిచెయ్యడానికి ఆకుకీ ఆకుకీ మధ్య సోడియం, కాల్షియం అయాన్లు, అంటే పాజిటివ్ చార్జి ఉన్న పరమాణువులు, వచ్చి కూర్చుంటాయి. ఈ అయాన్లకి నీళ్లంటే విపరీతమైన ఆకర్షణ. తడి తగిలిందా, నీటి అణువులు ఆకుల మధ్యకి వరసగా దూరిపోతాయి. ఎండినప్పుడు ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకి దూరం 1 నానోమీటరు దగ్గర ఉంటే, ఒక వరస నీళ్లు చేరితే 1.25, రెండు వరసలకి 1.5, మూడు వరసలకి 1.9 దాకా పోద్ది. అంటే కట్ట ఎత్తు దాదాపు రెట్టింపు! ఎండితే మళ్లీ కట్ట నొక్కుకుపోద్ది.

ఆకులన్నీ విప్పి పరిస్తే ఈ ఖనిజం ఒక్క గ్రాముకి దాదాపు 700 చదరపు మీటర్ల జాగా వస్తది. మన నెల్లూరు లెక్కలో అంకణం 72 చదరపు అడుగులు కదా, అంటే ఒక్క గ్రాములో నూరు అంకణాల పైమాట, అంత జాగాకీ నీళ్లు పట్టుకోవచ్చు. అదే కావలి, ఉదయగిరి వైపు ఎర్రనేలల్లో ఎక్కువగా ఉండేది కయోలినైట్. అదీ విస్తరాకుల కట్టే, కానీ ఆవేశం దాదాపు లేదు, ఆకులు హైడ్రోజన్ బంధాలతో ఒకదానికొకటి కుట్టేసినట్టు ఉంటాయి, నీళ్లు మధ్యకి దూరలేవు. గ్రాముకి రెండు అంకణాలు వస్తే గొప్ప. పెన్న ఒడ్డు ఇసక నేలల్లో, మైపాడు వైపు అసలు ఈ గొడవే తక్కువ.

ఇప్పుడు చెట్టుని ఇందులో పెట్టండి. పెద్ద చెట్టు ఎండల్లో రోజుకి వంద లీటర్లు లాగెయ్యడం పెద్ద విషయం కాదు. మొక్క వాడిపోయే హద్దుకి వచ్చేసరికి వేరు మట్టి మీద దాదాపు 15 అట్మాస్ఫియర్ల, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 15 రెట్ల, గుంజుడు చూపిస్తది, అంతదాకా ఆకుల మధ్య నీళ్లు లాగుతూనే ఉంటది. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపే, ఆ తర్వాత నెలల తరబడి ఎండటమే, రోహిణి కార్తెకి నేల నెర్రెలిస్తది. చెట్టు వైపు మట్టి బాగా కుంగుద్ది, ఇంటి అడుగు మట్టి అంతగా ఎండదు, ఈ తేడాకి గోడ ఏటవాలుగా పగులుద్ది. తర్వాత ఒక్క తుపాను వస్తే చాలు, 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడు లాగా, మట్టి తాగి ఒక్కసారిగా ఉబ్బుద్ది. లోతు పునాది ఉన్న ఇల్లు తట్టుకుంటది, అడుగున్నర పునాది మీద నిలబడ్డ కాంపౌండ్ గోడ, ముందు మెట్లు తట్టుకోలేవు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్ఐ అండర్‌రీమ్డ్ పైల్స్ తయారుచేసింది ఇలాంటి నేలల కోసమే, కింది కొస లావుగా ఉండే స్తంభాలు అవి, కదలని లోతుకి దిగుతాయి. 1976 కరువులో లండన్ బంకనేలల్లో ఇళ్లు ఇలాగే పెద్ద ఎత్తున పగిలాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. గోడ పగిలిందని పాత చెట్టుని మొదలంటా కొట్టేస్తారు. ఇల్లు కట్టకముందు నుంచే ఉన్న పెద్ద చెట్టైతే అది ఇంకా ప్రమాదం, ఏళ్లుగా అది ఎండబెట్టిన మట్టి ఇప్పుడు మెల్లగా తడి పీల్చి ఏళ్ల తరబడి ఉబ్బుతూ గచ్చుని పైకి లేపుద్ది. కొమ్మలు కొట్టి ఆకు తగ్గిస్తే నీళ్లు లాగడం తగ్గుద్ది, ఆ దారి మంచిది.

వాస్తు వాళ్లు ఈశాన్యంలో పెద్ద చెట్టు వద్దంటారు, మూల ఏదైనా కింద నల్లరేగడి ఉంటే అది చేసే పని ఒకటే. రావి రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తదనేది కూడా నిజం కాదు, వెలుతురు లేకుండా ఏ చెట్టూ ఆక్సిజన్ తయారుచెయ్యదు. మునగ ఇంటి ముందు వద్దనే మాటకి మాత్రం అర్థం ఉంది, దాని కొమ్మ పెళుసు, గాలికి విరిగి రోడ్డు మీద పోయేవాళ్ల మీద పడొచ్చు.

మీ మట్టి ఏదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఎండబెట్టి మెత్తగా జల్లించిన మట్టి పదేసి గ్రాములు, కొలత గీతలున్న రెండు గాజు జాడీల్లో వేసి, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ పొయ్యండి. బాగా కలిపి ఒక రోజు కదపకుండా ఉంచండి. కిరోసిన్‌కి ఆ అయాన్ల మీద ఆకర్షణ లేదు, ఆకుల మధ్యకి పోదు, అందుకని అందులో మట్టి ఉబ్బదు. కిరోసిన్లో మట్టి 10 మిల్లీలీటర్ల దగ్గర నిలిచి నీళ్లలో 16 దాకా వచ్చిందంటే 60 శాతం ఉబ్బినట్టు. భారత ప్రమాణం ఐఎస్ 2720, 40వ భాగంలో ఉన్న పరీక్ష ఇదే. 50 శాతం దాటితే జాగ్రత్త పడాలి, 100 దాటితే పెద్ద చెట్టు మాట వదిలెయ్యాలి.

బంకనేలలో నీళ్లెక్కువ లాగే చెట్టుకి దాని పూర్తి ఎత్తంత దూరం ఇవ్వమని పాత లెక్క. వేప యాభై అడుగులు దాటి పోద్ది, మీ జాగా ఎనిమిది. కాబట్టి సార్, 50 లోపు వస్తే గోడకి వీలైనంత ఎడంగా వేపో కానుగో పెట్టుకుని ఎత్తు కత్తిరిస్తూ ఉండండి. 50 దాటితే ఈ ఎనిమిది అడుగుల్లో నందివర్ధనం, కరివేపాకు, లేదంటే కొట్టి చిన్నగా ఉంచే పారిజాతం. మార్చి నుంచి వానలు పడేదాకా నీళ్లు చెట్టు మొదలు దగ్గర పొయ్యకుండా, చుట్టూ మూడడుగుల ఎడంలో పాదు తీసి వారానికోసారి నిండా తడపండి, అప్పుడు ఆ చెట్టు గోడ కింద మట్టిని వెతుక్కుంటూ పోవాల్సిన అవసరం తగ్గుద్ది.